పాత లైబ్రరీ పీకేసిన మనిషి

మహిమ పగలంతా తలుపేసుకోని పరాయి మొగోళ్లతో రాసుకుంటాందని కొళాయి కాడ ఈరక్క అనిందంట. ఆ మాటను బిందెతో పాటు ఇంటికి మోసుకొచ్చింది అత్త విశ్వాసమ్మ. "అంత తీరికుంటే ఈ కందులు సెరుగు" అని చాట ముందర పడేసింది.

మహిమ చెరిగింది. రాసుకుంటాండే మాట నిజమే. లోకమంతా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఎవరైనా ఇంట్లో కూచోనే దాన్ని బాగుచేసి పంపచ్చు; ఆమె రాసుకునేది దాన్ని చూసుకునేవాళ్లతోనే. పల్లె చర్చీల్లో పాటలు వెతుక్కునేదీ దాంట్లోనే. ఫలానా తీరు మాట యాడుందో పట్టిచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీ, అంటే కోడు మూట, దాని అడుగున ఉంటుంది. రాసినాయన దాన్ని వదిలేసి పన్నెండేండ్లయింది. తెలుగు ఒత్తు కనబడితే తడబడేది, పొడుగాటి వాక్యమిస్తే బిగుసుకుపోయేది. దాన్ని పీకి కొత్తది పెట్టాలి, పైన ఏ పనీ ఆగకూడదు. ఇంట్లో మనుషులు తిరుగుతాండంగానే వాళ్ల కాళ్ల కింది బండ మార్చినట్టు. కర్నూల్లో ఇంజనీరింగు చదివి బేతంచెర్లకు కోడలిగా వచ్చిన మహిమకు, ఎవరికీ అడ్డం రాకుండా పని చేయడం ఎవరు నేర్పాల? పప్పు ఉడికేలోపల ఇంత, మామ కునుకు తీసేలోపల ఇంత. ఎనిమిది నెలలు పట్టింది.

ఒక్క పొరపాటు చేసింది. లాప్‌టాప్ ఆమె మొగుడు నెహెమ్యాది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూస్తాడు. పంపిన ప్రతి మార్పు కిందా ఆ లాప్‌టాప్‌లో ఉన్న పేరే పడుతూ వచ్చింది. ఆమె గమనించలేదు. రేషన్ కార్డు మొదలు గ్యాసు పుస్తకం దాకా అన్నిటి మీదా అతని పేరే చూసి అలవాటు పడిన కండ్లు అవి. పనంతా చేరిపోయినాక చూసుకోని, సరిచేయమని సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాసింది. ఆ పేరు గల మనిషి 'ఇది నా పని కాదు' అని ఒక్క ముక్క రాస్తే మారుస్తామన్నారు.

"మొగుడూ పెండ్లాల్లో నీదీ నాదీ ఏందిమే? రాస్తాలే" అన్నాడు నెహెమ్యా.

ఆ వారమే బెంగుళూరు కంపెనీ ఒకటి ఆ పని చూసి అతన్ని ఇంటర్వ్యూకు పిలిచింది. ఆదివారం ఆరాధనలో విశ్వాసమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: "నా కొడుకు కష్టాన్ని ప్రభువు చూసినాడు." ఆడోళ్ల చాప మీద కూచోని మహిమ కూడా అందరితో పాటు ఆమెన్ అనింది.

"నువ్వు కనబడకుండా కింద కూచోని చెప్తాండు. ఉద్యోగం రానీ, ఆ ముక్క రాస్తా" అన్నాడు నెహెమ్యా. కూచుంది, అతని కుర్చీ కాళ్ల కాడ. ఇంటర్వ్యూ మొదలైనాక లాప్‌టాప్ తెర మీద కంపెనీ ఆయమ్మ అడిగింది, పాతదాన్ని బాగుచేయకుండా మొత్తంగా ఎందుకు తీసేశారని.

నెహెమ్యా మైకు ఆపినాడు. మోకాలితో ఆమె భుజాన్ని పొడిచినాడు. "చెప్పుమే, బిన్నా, తొందరగా! ఎందుకు తీసేసినావు?"

చెప్తే ఉద్యోగం అతనిది, అది వచ్చినాక 'ఇది నా పని కాదు' అని ఎట్ల రాస్తాడు? చెప్పకుంటే ఆ ముక్క ఈ జన్మకు రాయడు. ఎట్ల పోయినా ఆ ఎనిమిది నెలలు ఆమెవి కావు. తెర మీద ఆయమ్మ ఎదురుచూస్తానే ఉంది. గడపలో విశ్వాసమ్మ కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాంది.

"నాకేం తెలుసు?" అనింది మహిమ. "రాసింది నువ్వంట గదా."