సోమవారం హాజరు

సోమవారం నాడు బాలనర్సమ్మ రెండుసార్లు స్నానం చేస్తుంది. పొద్దున్నే అందరిలాగా ఒకసారి, హాజరు తీసుకున్నాక తలమీదుగా ఇంకోసారి. రెండోది అత్త పెట్టిన చట్టం. "తండా మనిషి, పైంగ జైలు కూడు తిన్న మనిషి. దాని చెయ్యి వట్టుకున్న చేత్తోని నా పొయ్యి ముట్టుకుంటే ఊకోను సూడు" అన్నది ఆవిడ, చెయ్యి పట్టుకున్న మొదటిరోజే. ఆ చెయ్యి పట్టుకొమ్మని చెప్పింది ఎవరమ్మా అంటే, ఆవిడ కొడుకే. చెప్పిన కొడుకుకు మాత్రం ఏ మైలా అంటదు.

సంగతి మొదట్నుంచీ చెప్పాలి. నిడమనూరుకు కోసెడు దూరంలో ఉంది వాళ్ళ ఊరు. బాలనర్సమ్మ మగడు ఆ ఊరి పోలీసు పటేలు. నిజాం రాజ్యంలోకి మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు, అంటే నలభై తొమ్మిదిలో, జైళ్ళు కిక్కిరిసిపోయి కొందరిని షరతుల మీద వదిలిపెట్టారు. వదిలినవాళ్ళు ప్రతి సోమవారం పటేలు ముందు నిలబడి వేలిముద్ర వెయ్యాలి. ఊరి పొలిమేర దాటకూడదు. వాళ్ళ నడవడి ఎట్లా ఉందో పటేలు నెలకోసారి మిర్యాలగూడ ఠాణాలో అమీను గారికి కాగితం రాసి పంపాలి. పటేలుకేమో సంతకం తప్ప అక్షరం ముక్క రాదు. బాలనర్సమ్మ కోదాడలో బడిపంతులు కూతురు, ఆమెకు వచ్చు. "నువ్వు ఖాళీగనే ఉంటవ్ గదనే, జర నువ్వే సూస్కో" అన్నాడు.

ఖాళీగా ఉంటుందట! పదిమందికి వండి, ఆరు బర్రెలకు కుడితి కలిపి, అత్త కాళ్ళకు ఆముదం రాసి, మిగిలిన పొద్దంతా కాలుమీద కాలేసుకుని కూర్చుంటుందన్నమాట. ఆయన తెల్లకాగితాల అడుగున నాలుగు సంతకాలు గీకి పడేసి సూర్యాపేట వెళ్ళిపోతాడు. సూర్యాపేటలో ఆయనకు ఏం పనో ఊరందరికీ తెలుసు, ఈమె ముఖం మీద ఎవరూ అనరు. ఆ పని పేరు పుష్పాబాయి.

అట్లా ఆ ఇంటి వెనక కొట్టంలో హాజరు మొదలైంది. వచ్చేది ఒక్క మనిషే, లంబాడీల సాలి. సంగమోళ్ళకు, అంటే కమ్యూనిస్టులకు, రొట్టెలు కాల్చి పెట్టిందని పట్టుకుపోయి మూడు నెలలు నల్లగొండ జైల్లో ఉంచారు. మొగుడు ఇంకా లోపలే ఉన్నాడు. ఏడాది నిండని ఆడపిల్లను తుంగతుర్తి అవతలి తండాలో ఉన్న సాలి తల్లి తీసుకుపోయింది. విడిచిపెట్టాక సాలి ఇక్కడే మరిది గుడిసెలో ఉంటూ కూలికి పోతోంది. పొలిమేర దాటకూడదు కనుక బిడ్డను చూడటానికి వీల్లేదు.

మొదటివారం ముద్ర సాలినే వెయ్యమన్నారు, ముట్టుకోవద్దు కదా మరి. అలుక్కుపోయిన ముద్రను మిర్యాలగూడనుంచి తిప్పి పంపారు. ముద్ర తీసుకునేవాళ్ళే ఆ వేలు పట్టుకుని, సిరా గుడ్డ మీద అద్ది, కాగితం మీద ఈ వైపు నుంచి ఆ వైపుకు మెల్లిగా దొర్లించాలి. రెండోవారం బాలనర్సమ్మ సాలి బొటనవేలు పట్టుకుంది. గరుకుగా, వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నదే కానీ, మెలకువతో ఉన్న ఇంకో మనిషి చెయ్యి అంతసేపు తన చేతిలో ఉండటం అదే మొదటిసారని ఆమెకు అప్పుడు తోచింది. తోచి గాభరా పడింది.

"నీ మణికట్టుకేమైంది దొరసానీ?" అన్నది సాలి.

"గంజి ఒలికింది."

"ఎవరన్న సూసిండ్రా?"

"ఎవరు చూస్తారు?"

మూడోవారం సాలి కొంగులో కలబంద మట్ట తెచ్చింది. అదే చేత్తో పూసింది.

ఇక చూసుకోండి. ఆ ఇంట్లో బాలనర్సమ్మతో మాట్లాడేవాళ్ళు లేరని కాదు, ప్రతి మాటలోనూ ఒక పని ఉంటుంది. నీళ్ళు తోడు, బర్రెను విప్పు, తలుపెయ్యి. ఆమె నోరు తెరిస్తే అత్త నవ్వేది. "ఏందే ఆ కోదాడ మాటలు? వస్తుందీ, పోతుందీ అనుకుంట. ఆంధ్రోళ్ళింట్ల వుట్టినవా?" అని. నవ్వు భరించలేక ఆమె మాట్లాడటమే తగ్గించింది. సాలి ముందు మాత్రం కోదాడ యాసంతా కట్టలు తెంచుకుని వచ్చేది. సాలి జైలు ముచ్చట్లు చెప్పేది. నలభైమంది ఆడవాళ్ళు ఒకే కొట్లో, ఒకరి తల ఒకరు చూసుకుంటూ, ఎవరి బిడ్డల సంగతులు వాళ్ళు చెప్పుకుంటూ, ఏడుస్తూ, నవ్వుకుంటూ. వింటూ వింటూ బాలనర్సమ్మకు అసూయ పుట్టింది. జైలు మీద అసూయ! ఎవరైనా వింటే పిచ్చిదంటారు. కానీ పుట్టింది, అబద్ధమెందుకు.

ఆగస్టులో మిర్యాలగూడనుంచి కాగితం వచ్చింది. ఆరు నెలలయింది, ఆమె నడవడి మంచిదేనా, హాజరు ఎత్తెయ్యవచ్చునా అని. 'మంచిది, ఎత్తెయ్యవచ్చు' అని రాస్తే సరిపోయేది. మగడి సంతకం ఉన్న తెల్లకాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వచ్చే సోమవారం కొట్టం ఖాళీ. ఆ పై సోమవారమూ ఖాళీ. చచ్చేదాకా అన్ని సోమవారాలూ అంతే. కలం తీసి, 'నడవడి మీద అనుమానం ఉన్నది. మరికొన్నాళ్ళు హాజరు ఉంచడం మంచిది' అని రాసింది.

"పైనుంచి అట్లా వచ్చింది సాలీ" అని చెప్పింది ఆ సోమవారం, తల ఎత్తకుండా.

సాలి ముఖం నల్లబడింది. కాసేపటికి తనే ఓదార్చింది. "నువ్వేం జేస్తవ్ దొరసానీ, నీ సేతుల ఏమున్నది."

ఆ మాట ముల్లులా దిగింది. సిగ్గుతో చితికిపోయింది. అయినా మళ్ళీ సోమవారం వస్తుందంటే సంబరపడింది. రెండూ నిజమే.

డిసెంబరులో ఇంకో కాగితం వచ్చింది. అనుమానమంటే ఏమిటి, ఆమె ఎవరిని కలిసింది, వారంలోగా వివరం రాయండి, తీరు మారకుంటే మళ్ళీ జైలుకు పంపుతాం అని ఉంది. ఆ రోజు మగడు ఇంట్లోనే ఉన్నాడు. అన్నం పెట్టి, మజ్జిగ పోసి, బాలనర్సమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అబద్ధం రాసినవా? నా సంతకం మీదనా?" కాసేపు గుర్రుగా చూసి, మళ్ళీ కలుపుకున్నాడు. "రాసిందేదో రాసినవ్. ఇగ గట్లనే ఉన్నదని రాయి. సంగమోళ్ళతోని మాట్లాడ్తున్నదను, ఖతం. అబద్ధమని ఒప్పుకుంటే నా పటేల్‌గిరీ ఊడ్తది."

"ఆమెను మళ్ళీ లోపలేస్తారు."

"ఎయ్యనీ. నీకేమన్న సుట్టమా? నీకు కలమిచ్చుడే నాది తప్పు" అని చెయ్యి కడుక్కుని, ఇంకో కాగితం మీద సంతకం గీకి సూర్యాపేట బండెక్కాడు.

సోమవారం సాలి వచ్చింది, ఎప్పటిలాగే చెయ్యి చాచింది. బాలనర్సమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. "పైనుంచి రాలేదు సాలీ. నీ మీద అనుమానమని నేనే రాశాను. నువ్వు రాకపోతే నాకెవరూ ఉండరనే అట్లా రాశాను" అన్నది.

సాలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా బిడ్డ మాటలు నేర్చిందంట" అన్నది. "మా అమ్మనే అమ్మా అంటున్నదంట. మొన్న అటునుంచి వచ్చినోళ్ళు జెప్పిండ్రు." కొట్టం గుమ్మం దాకా పోయి ఆగింది. "నువ్వడిగితే నేనే వద్దును గద, దొరసానీ. బిడ్డను సంకనేస్కోని, తుంగతుర్తి నుంచైనా వద్దును."

అంతే అన్నది. ముద్ర వెయ్యకుండానే వెళ్ళిపోయింది.

బాలనర్సమ్మ కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇక లాభం లేదని లేచి, మగడు సంతకం పెట్టిన కాగితాన్ని పక్కకు నెట్టి, తన పుట్టింటి నోటుపుస్తకంలోంచి ఒక ఠావు చింపింది. ఆగస్టులో రాసినది అబద్ధమని, సాలి నడవడిలో ఏ దోషమూ లేదని, ఈ పదినెలల కాగితాలన్నీ తన చేతిరాతేనని, పటేలు ఏ ఒక్క హాజరూ చూడలేదని రాసింది. కింద తన పేరు పెట్టింది. అత్త అవతలినుంచి "తానం జేసి పొయ్యికాడికి పోవే, పొద్దెక్కింది" అని కేకేస్తూనే ఉంది. బాలనర్సమ్మ చెప్పులేసుకుని, మిర్యాలగూడ పోయే వడ్లబండిని ఆపి ఎక్కింది.

మద్రాసు వైపునుంచి కొత్తగా వచ్చిన అమీను ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషిని పైనుంచి కిందికి చూశాడు. కూర్చోమనలేదు.

"పటేలు గారు రాలేదేం?"

"సూర్యాపేటలో ఉన్నారండీ."

"ఇది నేను పైకి పంపితే ఆయన ఉద్యోగం పోతుంది. మిమ్మల్ని ఇంట్లోకి రానిస్తాడో లేదో కూడా నాకు తెలీదు. ఆలోచించుకునే వచ్చారా?"

"ఆలోచించుకునే వచ్చానండీ. ఆమె పిల్ల దగ్గరికి పోవాలి. ఈ వారమే పోవాలి."

అమీను కలం మూత తీసి, సాలి పేరున్న ఫైలు ముందుకు లాక్కున్నాడు. హాజరు రద్దు అని రాయబోతూ ఆగి, విసుగ్గా అడిగాడు. "ఇంతకీ ఆ లంబాడీ మనిషి మీకేమవుతుందమ్మా?"

"ఏమీ కాదండీ" అన్నది బాలనర్సమ్మ. "తొమ్మిదేళ్ళలో నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెనే నేను మళ్ళీ జైలుకు పంపించబోయాను. ఆ రెండూ కూడా రాసుకోండి."