అలుగు దారిలో బస్సులు

జనగామ దవాఖానకు బయలుదేరిన ముత్తమ్మను సుదర్శన్ మనుషులు బస్సులోంచి దించేశారు.

యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకుంటేనే ఆమె బతుకుతుంది. గాలివానకు స్తంభాలు కూలి ముందురోజు నుంచి ఊళ్లో కరెంటు లేదు. షెడ్డులోని రెండు కరెంటు బస్సుల్లో ఒకదాని బ్యాటరీ పూర్తిగా ఖాళీ. రెండోదానిలో జనగామ పోయొచ్చేంత ఛార్జింగ్ ఉంది. మర్నాడు వచ్చే ఒక పెద్దమనిషిని ఎక్కించుకుని ఫొటోలు దిగాలని దాన్ని ఆపేశాడు బస్సుల కాంట్రాక్టరు సుదర్శన్.

"మొన్నటి తడవ తప్పింది, బిడ్డా. ఊపిరి ఆడుతలేదు," అంది ముత్తమ్మ.

"కరెంటు వచ్చినంక రా, అవ్వా. బస్సు నీ ఒక్కదానికే తెచ్చినమా?" అన్నాడు సుదర్శన్.

ఉప్పలయ్య రోడ్డు మీద నిలబడి విన్నాడు. అతని భార్య సోమక్కదీ అదే జబ్బు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకే సీట్లో కూర్చుని దవాఖానకు పోయేవాళ్లు. నిరుడు వానలకు షెడ్డు మునిగి బస్సులు ఆగిపోయాయి. పాత డీజిల్ బస్సులను అప్పటికే ఎత్తేశారు. చివరికి దొరికిన ఆటోలో, దేవరుప్పుల దాటకముందే సోమక్క చనిపోయింది. సుదర్శన్ చూడటానికి కూడా రాలేదు. షెడ్డును అదే గుంతలో ఉంచి, కొత్త రంగు వేయించాడు.

"చెరువు నిండింది. ఇయ్యాలనో రేపో అలుగు పోస్తది, నీళ్లన్నీ షెడ్డులకే వస్తయి. బస్సులను మిట్ట మీద పెట్టు," అన్నాడు ఉప్పలయ్య.

సుదర్శన్ నవ్వాడు. "అలుగు కాలువ పూడ్చింది ఎవరు? నేనా? డప్పులు కొట్టుకుంట మీరే పోయలేదా మట్టి?"

అది నిజం. ఎండాకాలం చెరువులో పూడిక తీసి పొలాలకు తోలుకోవడం ఆ ఊరి అలవాటు. బస్సు వస్తుందన్న సంబరంలో, ఆ ఏడు పొలాలను మాని, ఇంటికొక ట్రాక్టరు మట్టిని బోనం ఎత్తినట్టు తెచ్చి కాలువలో పోశారు. ఆ జాగాలోనే షెడ్డు లేచింది. మెరక భూమి కొనే బాధ సుదర్శన్‌కు తప్పింది.

వడ్ల కల్లంలో జనం కూడారు. కూలీలు, కాలేజీ పిల్లలు, చర్చి నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు.

"తగలవెడదాం ఆ డబ్బాలను. పొగబస్సులే నయముండె," అన్నాడు డిగ్రీ చదివే కరుణాకర్.

"తగలవెట్టి, రేపు కాలేజీకి నీ నెత్తి మీదెక్కి పోదామా?" అంది వరినాట్ల కూలీల పెద్ద యమున. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఎండలు గిట్ల మండుతుంటే పొగ తగ్గాల్సిందే. బస్సుతోని మనకు కొట్లాట లేదు. షెడ్డు మిట్ట మీదుండాలె. కరెంటు పోయినా నడిచే ఏర్పాటుండాలె. కాలువ మనం పూడ్చినం, మనమే తవ్వాలె."

"ఇంకోసారి అర్జీ పెడదాం," అన్నాడు కూలీల్లోంచి డేవిడ్.

"సోమక్కను బొందపెట్టి వచ్చి గూడ పెట్టినం," అన్నాడు ఉప్పలయ్య. "ఇగ నేను పెట్ట. బస్సులను మనమే మిట్టెక్కిద్దాం."

"కేసులైతయి, పెద్దనాయినా," అన్నాడు డేవిడ్.

"కానీయ్."

బావుల్లో మోటార్లు దించే మోకులు ఇళ్లలోంచి వచ్చాయి. షెడ్డు గేటు దగ్గర డ్రైవర్ జైసింగ్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు.

"నా నౌకరి పోతది," అన్నాడు. గోడకు ఆనుకున్న ముత్తమ్మ పాదాలు ఉబ్బి ఉన్నాయి. అతను వాటినే చూశాడు. "ఎక్కించుండ్రి అవ్వను."

ఛార్జింగ్ ఉన్న బస్సు జనగామ దారి పట్టింది. ఖాళీ బస్సుకు మోకులు కట్టారు. సుదర్శన్ అడ్డం నిలబడ్డాడు.

"నా మీదికెళ్లి పోండ్రి."

"సోమక్క మీదికెళ్లి నువ్వు పోయినవ్. మేం నీ లెక్క కాదు. జరుగు," అన్నాడు ఉప్పలయ్య.

ఇద్దరు ఆడవాళ్లు అతన్ని రెక్కలు పట్టి పక్కన నిలబెట్టారు. యమున కూత వేసింది. ఊరు గుంజింది. బస్సు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. చేతులు ఒరుసుకుపోయినా మోకు ఎవరూ వదలలేదు.

బస్సు మిట్టకు చేరేసరికి పోలీసులు వచ్చారు. బస్సుల దొంగతనం అన్నారు. దొరికినవాళ్లను వ్యానెక్కించారు. మిగిలినవాళ్లు గడ్డపారలు అందుకుని కాలువ వైపు నడిచారు.

ఆ సాయంత్రం అలుగు పోసింది. షెడ్డు మునిగింది. దవాఖానలో ముత్తమ్మకు యంత్రం పెట్టారని జైసింగ్ కబురు పంపాడు.

స్టేషన్‌లో ఎస్సై ఫోను పెట్టేసి ఉప్పలయ్య ముందుకొచ్చాడు.

"మొగుళ్లపల్లిలో కూడా సుదర్శన్ బస్సులను జనం మిట్టెక్కించిండ్రట. నీ మనుషులేనా? పేర్లు చెప్పు."

"నాకు ఆడ ఎవ్వరు తెల్వదు," అన్నాడు ఉప్పలయ్య. "బయటికి పోయినంక పోయి కలుస్త."