చివరి పిల్ల ఎగిరేదాకా

నేను ఒక దుర్భిణిని. శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి నన్ను చేశారు. చివరికి నాకు దక్కింది కొంగల కాపలా. నవ్వుకోండి, నాకేం!

పట్టాళం నుంచి నన్ను ఈ కొల్లేటి ఒడ్డు ఊరికి తెచ్చిన హవల్దారు పోయాక, ఆయన భార్య నాంచారమ్మ మెడకెక్కాను. సరస్సులోని తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టే కొంగలంటే ఈ ఊరికి పురిటికొచ్చిన ఆడపడుచులే. చివరి పిల్ల ఎగిరేదాకా డప్పు మోగకూడదు, టపాకాయ పేలకూడదు. ఎగిరిందో లేదో నాలోంచి చూసి చెప్పేది నాంచారమ్మ. ఆమె మాటకు తిరుగులేదు.

ఆ ఏడు కొంగలు ఆలస్యంగా వచ్చాయి. జ్యేష్ఠం ముగుస్తున్నా గూళ్ళు ఖాళీ కాలేదు. నాంచారమ్మ కూతురు వెంకటరత్నం పెళ్ళేమో ఆ సాయంత్రమే. అది తప్పితే ఆషాఢం, ముహూర్తాలుండవు. వియ్యపురాలు నాంచారమ్మ కాపలా కాసే గట్టు మీదికే వచ్చేసింది.

"మేళం లేకుండా మావాణ్ణి తీసుకొస్తే దొంగపెళ్ళిలా ఉంటది వదినా. కుదరదంటే చెప్పు, ఇటునుంచిటే పోతాం."

"ఆగు వదినా, చూస్తన్నా గదా!" అంటూ నాంచారమ్మ నన్ను కళ్ళకు పెట్టుకుంది.

కొసకొమ్మ మీద ఒక పిల్ల మిగిలి ఉంది. రెక్కలకింకా బలం రాలేదు. నోరు తెరుచుకుని తల్లి కోసం చూస్తోంది. దాన్ని నేనెంత స్పష్టంగా చూపించానో నాకు తెలుసు. నాంచారమ్మ చాలాసేపు నన్ను దించలేదు.

"లేవు. అన్నీ ఎగిరిపోయినయ్," అంది.

ఇదేం మనుషులమ్మా! చూడ్డానికి నన్ను మెడలో వేసుకుంటారు, చూసింది మాత్రం మింగేస్తారు.

డప్పులు మోగాయి. బెదిరిన పిల్ల కొమ్మ వదిలి దూకింది, ఎగరలేక చెట్టు కింది బురదలో పడింది. మళ్ళీ కదల్లేదు. తల్లి చేపతో వచ్చి ఖాళీ గూటి చుట్టూ పొద్దుగూకేదాకా తిరిగింది. అప్పగింతలప్పుడు నాంచారమ్మ గుండె పగిలేలా ఏడుస్తుంటే, కూతురి కోసమే అనుకున్నారంతా. నాకు ఒళ్ళు మండింది. జాలీ వేసింది.

మరుసటేడు కొంగలు మళ్ళీ వచ్చాయి. వెంకటరత్నం కూడా పురిటికి వచ్చింది. నిండు కడుపుతో గట్టు మీద తల్లి పక్కన నిలబడి, "గుడ్లు పిల్లలయినయ్యా అమ్మా?" అని అడిగింది.

నాంచారమ్మ నన్ను తిరగేసి, పెద్ద అద్దాల వైపునుంచి కళ్ళకు పెట్టుకుంది. అలా చూస్తే నేను దేన్నయినా దూరంగా నెట్టేస్తాను.

"ఏమోనే," అంది. "శానా దూరంగా ఉన్నయ్. నా కంటికి ఆనటంలా."