ముల్లు లేచిందన్నాను

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జోరుగా సాగుతున్న రోజుల్లో మా అంబాసిడర్ ఆయిల్ పంపు అరిగిపోయింది. కారు కూడా సమ్మెలో చేరిందని మా ఆవిడ వేదవతి వేళాకోళం చేసింది. నాకు నవ్వు రాలేదు. ఆర్టీసీ బస్సులు లేవు, రైళ్లు లేవు, ప్రైవేటు బస్సుల్లో నిలబడడానికి కూడా చోటు లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విజయవాడలో మా అమ్మాయి ఇంద్రాణికి లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూ. రెండేళ్లుగా ఎదురుచూసిన పిలుపు అది. ఎలాగైనా ఆ సాయంత్రానికి కారు రోడ్డెక్కాలి.

మట్టయ్యకు కబురు పెట్టాను. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ అతను. పదకొండేళ్లుగా మా కారు మీద వేరొకరి చెయ్యి పడలేదు. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి, కారు కింద దూరి, పాత పంపు తీసి కొత్తది బిగించాడు. నూనె కూడా పోశాడు. మధ్యాహ్నానికి ఒక్క పని మిగిలింది.

కొత్త పంపు వేశాక ఊరికే సెల్ఫ్ కొట్టకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ముందు వైపు ఇనప హ్యాండిల్ దూర్చి, ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. నూనె ఇంజినంతా ఎక్కాక ఆయిల్ ప్రెషర్ మీటర్లో ముల్లు లేస్తుంది. అంతకుముందే స్టార్ట్ చేస్తే లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని ఇంజిన్ పట్టేస్తుంది. ఈ పని మట్టయ్య ఎప్పుడూ తన చేత్తోనే చేసేవాడు.

సరిగ్గా అప్పుడే అతని భార్య లచ్చమ్మ ఫోన్ చేసింది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు మొదలైందట. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. తిన్నంతసేపూ బండ్లన్నీ ఆగిపోవాల్సిందే. మట్టయ్య చేతులు తుడుచుకుని, గంటలో వస్తానని, అందాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వెళ్లాడు.

గంట కాదు, రెండున్నర గంటలైనా రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కారు ఇక్కడ పడి ఉంటే ఈయనగారికి విందు భోజనం కావలసి వచ్చిందా? స్కూటర్ వేసుకుని కొత్తపేట దాటి, జనంలోంచి తోసుకుంటూ వెళ్లాను. మట్టయ్య తారురోడ్డు మీద విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అప్పుడే బంతి పెట్టినట్టున్నారు. నన్ను చూడగానే పక్కకు జరిగాడు.

"కూసోండ్రి సార్. రెండు బుక్కలు తినుండ్రి. పది నిమిషాలల్ల పోదాం."

లచ్చమ్మ నా కోసం విస్తరి వేసేసింది కూడా. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూశారు. నేను గుంటూరు వాణ్నని వాళ్లందరికీ నా మొహం మీద రాసి ఉన్నట్టు అనిపించింది. వాళ్లెవరూ ఒక్క మాటా అనలేదు. అన్నది నేనే.

"మీ అన్నం మీరే తినండి. నా కారు సంగతి నేను చూసుకుంటాను."

మట్టయ్య ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "అట్లయితే హ్యాండిల్ మర్వకుండ్రి సార్. ముల్లు లేచినంకనే స్టార్ట్ చెయ్యుండ్రి" అన్నాడు. శుభ్రంగా వినిపించింది నాకు.

ఇంటికొచ్చాను. మెకానిక్ ఆర్డరు వేస్తే వీధిలో నడుం వంచి హ్యాండిల్ తిప్పడమా? ఈ మల్లికార్జునరావు అంత దిగజారాడా? అదీ ఆనాటి నా తెలివి. కూర్చుని సెల్ఫ్ కొట్టాను. మొదటి దెబ్బకే అందుకుంది. ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది. పక్కన కూర్చున్న ఇంద్రాణి చూసి చెప్పింది కూడా. అదెప్పుడూ బద్ధకంగానే లేస్తుందని కసిరాను.

రోడ్డు తెరుచుకున్నాక బయల్దేరాం. హయత్‌నగర్‌లో ఇంజిన్ టకటకమంది. పెద్ద అంబర్‌పేట్ చేరకముందే ఒక్క మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. ఇంద్రాణి ఇంటర్వ్యూ పోయింది. ఏడ్చినా బాగుండేది, ఆ పిల్ల నాతో మాట్లాడడమే మానేసింది.

మర్నాడు కారును లాగించుకుని మట్టయ్య షెడ్డుకు వెళ్లాను. బేరాలవాళ్లు నలుగురైదుగురున్నారు, లచ్చమ్మ ఉంది. వాళ్లందరి ముందూ గొంతు చించుకున్నాను. ఆంధ్రావాడి కారు కదా అని కావాలనే చెడగొట్టావన్నాను. నీళ్లు తాగినంత సులువుగా వచ్చేసిందా మాట.

మట్టయ్య రెండే ప్రశ్నలు అడిగాడు.

"హ్యాండిల్ తిప్పిన్రా సార్?"

"తిప్పాను."

"ముల్లు లేచిందా?"

"లేచింది."

అతను నమ్మాడు. పదకొండేళ్లలో నేను అతనితో అబద్ధమాడలేదు మరి. స్టూలు మీద కూలబడి చాలాసేపు తన అరచేతులకేసి చూసుకున్నాడు. పంపు బిగించడంలో తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇంజిన్ మొత్తం విప్పి, నా దగ్గర పైసా పుచ్చుకోకుండా నెల రోజులు పనిచేసి బాగుచేసి ఇచ్చాడు. నేను కిమ్మనకుండా తెచ్చుకున్నాను.

తర్వాత ఒకరోజు లచ్చమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. మట్టయ్య ఇంజిన్ పని పట్టడం మానేశాడట. చెయ్యి చెడిందంటున్నాడట. పంక్చర్లు వేసుకుంటున్నాడట. చదువుకున్న సార్ ఒక మాట చెబితే వింటాడని ఆమె ఆశ. ఇంద్రాణి గది గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నాకు వాళ్లిద్దరి మీదా కోపం వచ్చింది. ఇంకెవరి మీద రావాలో తెలుసు కనకే వచ్చింది.

రెండు రోజులు ఆగి షెడ్డుకు వెళ్లాను. మట్టయ్య సైకిల్ ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. హ్యాండిల్ తిప్పలేదని, ముల్లు లేవలేదని చెప్పేశాను. తప్పంతా నాదేనన్నాను. అతను తలెత్తి, ఖాళీగా ఉన్న షెడ్డంతా ఒకసారి చూశాడు.

"ఆ దినం అందరి ముందట అన్నరు సార్. ఇయ్యాల నాకొక్కనికే చెప్తున్నరు."

షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ లేని వేళ చూసుకునే నేను వెళ్లాను.