ఎర్రమట్టా, పసుపుమట్టా

ఆ రోజు చెయ్యాల్సిన పనులు: గుహలో మిగిలిన చివరి సంచులు కిందికి దింపాలి. ఎర్రమట్టినీ పసుపుమట్టినీ విడివిడిగా ఏట్లో సన్నజల్లెడ పట్టాలి. జల్లెడలో నిలిచిన నలుసుల్ని రెండు గుడ్డల మీద ఆరబెట్టాలి. భూతద్దం కింద ఎముకలు ఏరాలి. ప్రొఫెసర్ తాన్‌గారికి ఫోన్ చెయ్యాలి.

ఆరబెట్టడం వరకూ బాగానే జరిగింది. జల్లెడలు కడిగి తెద్దామని మళ్ళీ ఏటికి వెళ్ళాను.

ఈశాన్య చైనాలోని మా లియావోనింగ్ కొండల్లో ఇప్పుడు పొట్టితోక చుంచెలుక లేదు. అది దక్షిణాన సిచువాన్ వైపు బతుకుతుంది. ఒకప్పుడు ఇక్కడా ఉండేదనీ, చలి ముదిరి దాన్ని దక్షిణానికి తరిమిందనీ నా వాదన. అడుగునున్న ఎర్రమట్టి వెచ్చని కాలానిది, పైనున్న పసుపుమట్టి మంచుకాలానిది. దాని దవడ ఎర్రమట్టిలో దొరికితే నా వాదన నిలుస్తుంది. పసుపుమట్టిలో దొరికితే రెండేళ్ళ చదువు వృథా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే.

ఉన్నట్టుండి ఉరిమింది. పరుగెత్తుకొచ్చేసరికి ముంగిట్లో గుడ్డలు లేవు. నేను అద్దెకుంటున్న ఇంటి లువాన్ పెద్దమ్మ తడిసి ముద్దయి, బుట్టను కడుపుకి హత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికి పోయావే పిల్లా? ఇంకాస్త ఉంటే నీ ఇసుకంతా కొట్టుకుపోయేది!"

"రెండు గుడ్డలు కదా పెద్దమ్మా... ఏది ఎక్కడుంది?"

"రెండూ ఇందులోనే పోశా. వాన మీదికొస్తుంటే జొన్నలు వేరు, సోయా వేరు అని చూస్తూ కూర్చుంటామా? తర్వాత ఏరుకో."

ఏం తిట్టను? మా వైపు వానొస్తే ఎవరి గింజలని చూడరు, దగ్గరున్నవాళ్ళు ఎత్తేస్తారు. మా జొన్నలు అలా ఎన్నిసార్లు బతికాయో! కానీ ఇవి జొన్నలు కావు. గుహలో ఇక తవ్వడానికి మట్టీ లేదు.

సాయంత్రం దవడ దొరికింది. పళ్ళు చెక్కుచెదరలేదు, పొట్టితోకదే. రెండు మట్టుల్లోనూ ఎముకలది ఒకటే గోధుమరంగు, చూసి ఏ మట్టిదో చెప్పలేం. తాన్‌గారికి ఫోన్ చేశాను.

"ఏ పొరది?" అన్నారు.

"తెలీదు గురువుగారూ. కలిసిపోయాయి."

వాన సంగతంతా అడిగి తెలుసుకున్నారు. తర్వాత, "తెలీదనే రాయమ్మా," అన్నారు.

పెద్దమ్మ వేడి గంజి తెచ్చి పెట్టింది. "ఎముక దొరికిందిగా? మరి ఆ మొహం ఏంటే, పులిసిన క్యాబేజీలా?"

తల తిప్పి ముంగిట్లోకి చూశాను. ఎండబోసిన చోటే, నీళ్ళలో, ఆమె మొక్కజొన్న తేలుతోంది.

నా వ్యాసంలో ఆ దవడ పక్కన 'పొర తెలియదు' అని ఉంటుంది. చదివి నన్ను ఎంతైనా తిట్టుకోండి. తన పంటను వానకొదిలేసి నా ఇసుకను ఎత్తిన లువాన్ పెద్దమ్మను మాత్రం గుర్తుంచుకోండి.