వైఫై అందే గోడ

బందరులో ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపల నన్ను నలుగురు అడిగారు, ఎవరమ్మాయివని. ఏం కావాలమ్మా అని మాత్రం ఆ నలుగురిలో ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్లయినా ఆ మంట నాకింకా చల్లారలేదు.

నాకు కావలసింది చాలా చిన్నది. కూర్చోడానికి ఇంత చోటు, ఒక ప్లగ్గు, ఇంటర్నెట్టు. అదీ సాయంత్రం నాలుగింటి దాకా.

అది రెండువేల ఏడు, మే నెల. నేను మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పని చేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగుల సంగతులు మాటల్లో రికార్డు చేసి పంపుతారు. అవి చెవిలో పెట్టుకుని విని, ఇంగ్లీషులో టైపు చేసి, చెప్పిన టైముకి తిరిగి పంపాలి. బెజవాడలో ఆ కోర్సు చేసి, అక్కడి ఆఫీసులోనే ఎనిమిది నెలలు పనిచేశాను. తర్వాత కంపెనీ ఆ ఆఫీసు ఎత్తేసింది. మా పదిమందికీ తలా ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, ఇళ్ల నుంచే చేసుకోమంది. అందరి ఇళ్లూ బెజవాడ బెంజి సర్కిల్ పక్కనే ఉంటాయని వాళ్ల ఉద్దేశం కాబోలు. మా ఇల్లు నాగాయలంక అవతల, మా నాన్న బంగార్రాజు పడవ కట్టేసే కాలవగట్టు మీద ఉంది.

నాగాయలంకలో ఉన్న ఒక్క నెట్ సెంటరూ పిడుగు పడి మోడెం కాలిపోయి మూతపడింది. అవనిగడ్డ వెళ్తే టీచరు పరీక్షల కోచింగు వాళ్లు అప్లికేషన్ల కోసం వీధి దాకా బారు కట్టి ఉన్నారు. అలా రెండు రోజులు నా ఫైళ్లు ఆలస్యంగా వెళ్లాయి. మూడోసారి ఆలస్యమైతే పేరు తీసేస్తామని, ల్యాప్‌టాప్ వెనక్కి పంపేయాలని కంపెనీ మెయిలు పెట్టింది. పేరు తీసేస్తే నాకు మిగిలేది రొయ్యల షెడ్డు. ఇంటర్ చదివేటప్పుడు రెండు వేసవి సెలవులు అక్కడ రొయ్యల తలలు తుంచాను. ఐసు నీళ్లలో నాని వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా ఊడొచ్చేది. అన్నం కలుపుకుంటే కూర కారం తగిలి కళ్లమ్మట నీళ్లు కారేవి. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని టైపు నేర్చుకున్నాను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా ఐదు ఫైళ్లు పంపాలి. అందుకే ఆ పొద్దున మొదటి బస్సెక్కి బందరు వచ్చాను. జిల్లాకి పెద్ద ఊరు, కోర్టులు, కాలేజీలు, ఆఫీసులు అన్నీ ఉన్న ఊరు, నాకొక మూల దొరక్కపోతుందా అనుకున్నాను. అంతకు ముందు ఒక్క పరీక్షకి తప్ప ఆ ఊరు రాలేదు. ఏ వీధి ఎటు పోతుందో తెలియదు, పేరుపెట్టి పిలిచే మనిషి లేడు. నావరకు అది పరాయి దేశమే.

బస్టాండు దగ్గర బాబ్జీ అనే అతని నెట్ సెంటరుకి మొదట వెళ్లాను. నా ల్యాప్‌టాప్ చూడగానే అతని మొహం మారిపోయింది. తన సిస్టమ్స్ మీదే చేసుకోవాలట. కంపెనీ రూలు ప్రకారం రోగుల వివరాలు వేరే కంప్యూటర్లో ఎక్కకూడదని, వైరు ఒక్కటి ఇస్తే చాలని, గంటకి ఎంతైతే అంతా ఇస్తానని చెప్పాను. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని మెస్సులో కూర్చుంటానంటే ఎవరైనా ఒప్పుకుంటారా అని నన్నే అడిగాడు. తర్వాత ఆ ప్రశ్న. ఎవరమ్మాయివి, ఏ ఊరు? నాగాయలంక అనగానే పక్క క్యాబిన్లో కుర్రాళ్లిద్దరు కర్టెన్ తీసి చూశారు. చూసి, మళ్లీ కర్టెన్ వేసుకుని నవ్వుకున్నారు.

రెండో సెంటర్లో ఒక పెద్దాయన ఉన్నాడు. నా బ్యాగులోది చూడకుండానే ఎవరి తాలూకు అని అడిగి, ఆడపిల్లలు గంటలు గంటలు కూర్చుంటే పోలీసులొస్తారన్నాడు. కాలేజీలో ల్యాబు ఉందని ఎవరో చెబితే అక్కడికీ పోయాను. క్లర్కు ఎవరమ్మాయివని అడిగి, తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఉత్తరం పట్రమ్మన్నాడు. నాకు తెలిసినవాళ్లుంటే నీ దగ్గరికెందుకు వస్తానయ్యా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. అప్పటికి పదకొండున్నర. ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది.

కోనేరు సెంటరు దాటాక ఒక సందు మొదట్లో నవజ్యోతి లాడ్జి కనబడింది. బోర్డు మీద ఏసీ గదులు, వేడినీళ్లు, దాని కింద కొత్త రంగులో వైఫై సౌకర్యం కలదు అని ఉంది. ప్రాణం లేచొచ్చింది. లోపల సోఫాలో రొయ్యలు కొనడానికి వచ్చిన బేరగాళ్లిద్దరు లుంగీలతో కూర్చుని, టీపాయి మీద కాళ్లు పెట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ చూసుకుంటున్నారు. కౌంటరులో మేనేజరు లక్ష్మీకాంతం గారు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ, నోట్లోంచి అండీ తప్ప రాదు.

"ఒక్కరేనాండీ? ఎవరమ్మాయి మీరు?" అన్నాడు.

"ఒక్కదాన్నేనండీ. రూము వద్దు. ఆ సోఫాలో ఓ చివర కూర్చుని పని చేసుకుంటాను. రూము అద్దె ఎంతో అంతా ఇస్తాను," అని డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాను.

ఆయన ఆ డబ్బు వేలి కొసతో నా వైపు నెట్టాడు. "డబ్బు కాదమ్మా. ఒంటరి ఆడవాళ్లకి మా దగ్గర ఇవ్వం. రూలు."

"కూర్చోడానిక్కూడానా అండీ?"

"చూసేవాళ్లు ఏమనుకుంటారు చెప్పండి. మీ మంచికే అంటున్నాను."

నా మంచికే. ఈ మాట కనిపెట్టినవాడెవడో గాని వాడు నాకు కనబడాలి. బాబ్జీ పొమ్మన్నాడు, సరే, వాడి వ్యాపారం. ఈయన నన్ను గెంటుతూ, గెంటించుకున్నందుకు నా చేత దండం పెట్టించుకోవాలనుకున్నాడు. సోఫాలో లుంగీలవాళ్లు తలెత్తి నన్ను చూసి మళ్లీ రొయ్యల రేట్లలో పడిపోయారు. వాళ్ల కాళ్లు టీపాయి మీదే ఉన్నాయి. వాళ్లని చూసి ఎవరూ ఏమీ అనుకోరు.

బయటికొచ్చి లాడ్జి పక్క సందులోకి తిరిగాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది, ఒంట్లో ఉడుకు కొంచెం తగ్గేది. గోడ నీడలో ఒకావిడ గోనె పరుచుకుని ఎండుచేపలు అమ్ముతోంది. ఆమె పక్కన ఒక ఇటుక కనబడితే దాని మీద కూలబడ్డాను.

"లే. అది కుమారి చోటు. ఇటుక కనబళ్లేదా?" అంది ఆవిడ.

గభాలున లేచాను. నాకు తెలియని సంగతేం కాదు. చేపలమ్మే ఆడవాళ్లు చోటు పట్టేది ఇటుకతోనే. నాగాయలంక మార్కెట్లో మా అమ్మా ఇంకో ఆవిడా జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజున కూడా ఒకరి ఇటుక ఒకరు కాలితో తాకలేదు. మనిషి జ్వరంతో పడుకున్నా, పురిటికి వెళ్లినా, ఇటుక ఉంటే చోటు ఉన్నట్టే. తప్పయిపోయింది అత్తా అన్నాను. అలా అన్నాక ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం కావాలి నీకు?" అంది.

పొద్దుటి నుంచి మొదటిసారి. చెప్పాను. మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను, నాలుగింటి సంగతీ, రొయ్యల షెడ్డు సంగతీ. ఆవిడ పేరు రత్నం. గిలకలదిండి నుంచి రోజూ వస్తుంది. నేను చెప్పినదాంట్లో ఆవిడకి ఎంత అర్థమయిందో తెలియదు. కుమారి కూతురి పురుడికి పెడన వెళ్లిందని, ఆ ఇటుక కదపకుండా దాని ఇవతల కూర్చోమని, గోనె కొస ఒకటి నా వైపు లాగింది.

టైము చూద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. మూలన చిన్న గుర్తు వెలిగింది. నవజ్యోతి. దానికి పాస్‌వర్డు కూడా లేదు. లోపలికి రావద్దన్న లాడ్జిలోంచి అది దానంతటదే గోడ దాటి వచ్చి నా ఒళ్లో పడింది.

పన్నెండుకి ఐదు ఫైళ్లూ దించుకున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టాను. ఒక డాక్టరు ఎవరిదో పిత్తాశయం తీసేసిన ఆపరేషను గడగడా చెప్పేస్తున్నాడు, పక్కన రత్నం అత్త ఎండు నెత్తళ్లు కొలిచి పోస్తోంది. ఈగలు స్క్రీను మీద వాలుతున్నాయి. రెండున్నరకి బ్యాటరీ ఎర్రబడింది. చెప్పగానే రత్నం అత్త ఎదురుగా మిక్సీలు బాగుచేసే నాంచారయ్యని కేకేసి, ఓ వైరు ఇటు పడెయ్యమంది.

"ఎవరమ్మాయి?" అన్నాడు నాంచారయ్య, వైరు చుట్ట విప్పుతూ.

"నా పక్కన కూర్చున్నమ్మాయి," అంది రత్నం అత్త.

అతను వైరు సందు దాటించి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

మూడున్నరకి ఐదూ పూర్తయ్యాయి. పంపడం మొదలుపెట్టాను. మూడు వెళ్లాయి. నాలుగోది వెళ్తుండగా నా మీద నీడ పడింది. లక్ష్మీకాంతం గారు. రూములు ఊడ్చే మనిషి పైనుంచి చూసి చెప్పిందట.

"అమ్మా, మా నెట్ వాడుతున్నారంట. ఇది దొంగతనం కిందికి వస్తుందండీ."

"డబ్బు ఇస్తే వద్దన్నారు. మీ గుమ్మం నేను తొక్కలేదు. అదే గోడ దాటి వచ్చింది," అన్నాను. తలెత్తలేదు. స్క్రీను మీద ఫైలు వెళ్తున్న గీత సగానికి వచ్చింది.

"గోడ దాటినా మాదేనండీ."

అప్పుడు రత్నం అత్త లేచింది. "మీ డాబా మీద ట్యాంకు పొంగి నా చేపలు తడిసిపోయినప్పుడు గోడ దాటిన నీళ్లు మీవి కాదన్నారు కదండీ. అవి ఎవరివి మరి?"

ఆయన మొహం ఎర్రబడింది. ఆడదానితో సందులో తగువేంటని గొణుక్కుంటూ లోపలికి పోయాడు. నిమిషం తిరక్కుండా మూలనున్న గుర్తు ఆరిపోయింది. స్విచ్చి తీసేశాడు. టైము మూడూ నలభై. రెండు ఫైళ్లు నా దగ్గరే ఉండిపోయాయి.

ఆ క్షణంలో ఆ కౌంటరు మీదున్న గంట తీసి ఆయన నెత్తిన కొట్టేదాన్ని. నెట్ కట్టేశాడని రత్నం అత్తకి చెప్పాను. నెట్ ఉన్న మరో చోటికి పరిగెత్తుదామంటే అవన్నీ పొద్దున నన్ను పొమ్మన్నవే.

ఇంతలో లాడ్జి లోపలి నుంచి కేకలు వినబడ్డాయి. లుంగీలవాళ్లు. మద్రాసు నుంచి రేటు మెయిలు వచ్చే టైముకి నెట్ ఎవడు కట్టేశాడని, ఈ లాడ్జిలో ఇంకోసారి దిగితే ఒట్టని అరుస్తున్నారు. లక్ష్మీకాంతం గారి గొంతు అండీ అండీ అంటూ బతిమాలుతోంది. గుర్తు మళ్లీ వెలిగింది. మూడూ యాభై. నాలుగో ఫైలు వెళ్లింది. ఐదోది మూడూ యాభై ఎనిమిదికి వెళ్లింది. అందినట్టు కంపెనీ మెయిలు పెట్టింది.

సంతోషించాలి కదా. ఉద్యోగం నిలబడింది కదా. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నేను పొద్దున డబ్బు చేత్తో పట్టుకుని, అండీ అని బతిమాలితే సోఫా చివర కూడా ఇవ్వని మనిషి, వాళ్లు రెండు బూతులు తిడితే పరిగెత్తి స్విచ్చి వేశాడు. నా పని కూడా వాళ్ల బూతుల పుణ్యానే అయింది. ఇంటికెళ్లే బస్సులో దారి పొడుగునా ఇదే నమిలాను. బస్సెక్కే ముందు రత్నం అత్త రేపూ ఇక్కడికే రమ్మంది. వస్తానన్నాను. వేరే చోటెక్కడుంది గనక.

మర్నాడు తొమ్మిదిన్నరకి సందులోకి తిరిగాను. కుమారి ఇటుక పక్కన ఇంకో ఇటుక ఉంది. కొత్తది, కడిగి పెట్టింది. నాంచారయ్య వైరు అప్పటికే సందు దాటి దాని పక్కన చుట్టి ఉంది. ఆ ఇటుకకి సరిగ్గా పైన, లాడ్జి గోడ మీద, ఎర్రరంగుతో జానెడు జానెడు అక్షరాలు రాసి ఉన్నాయి. పాస్‌వర్డు పెట్టడం ఎలాగో తెలియక లక్ష్మీకాంతం గారు గోడకి రంగు వేయించారు.

"పొద్దున్నే మనిషిని పెట్టి రాయించాడు. ఏం రాశాడే?" అంది రత్నం అత్త. ఆవిడకి చదువు రాదు.

"ఇక్కడ ఆడవారు కూర్చోరాదు," అని చదివాను.

ఆవిడ ఎప్పటిలాగే గోనె పరిచి, చేపల గంప దించుకుని కూర్చుంది. నేనూ నా ఇటుక మీద కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తెరిచాను. గుర్తు వెలుగుతోంది.

"రంగు ఇంకా ఆరలేదు. ఆనుకోకు, బట్టలు పాడైపోతాయి," అంది.

ఒంటి మీద ఉన్నది నాకున్న వాటిల్లోకెల్లా మంచి చుడీదారు. చూసుకుని మరీ, వీపు మొత్తం ఆ గోడకి ఆనించి కూర్చున్నాను.