కుండల కింద వెదుర్లు

ఆ ఏడు ఆషాఢంలో మా పెరటి వెదురు పొద పన్నెండు కొమ్ములు, అంటే లేత మొలకలు, వేసింది. కోసి వండుకుంటే కూర. వదిలేస్తే వెదుర్లు.

మాది గుణుపురం దగ్గర మూడెకరాల పల్లం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బాగుచేసుకున్న భూమి. పంట పండేది, నిలిచేది కాదు. ధాన్యం దాచడానికి గాదె లేదు. గడ్డి పురి రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ ఎలుకలు సగం తిన్నాయి. అందుకని పుష్యమాసంలో కళ్ళంలోనే షావుకారి బండికి ఎత్తేసేవాళ్ళం. అదే ధాన్యం ఆషాఢానికి రెండింతలు పలికేది. అప్పుడు మేమే గోనెసంచి పట్టుకుని షావుకారి కొట్టుకు వెళ్ళేవాళ్ళం.

ఆషాఢంలో ఇంట్లో ఏమీ ఉండదు కాబట్టి కొమ్ములు కోసుకుంటాం. కొమ్ములు కోస్తే వెదుర్లు ఉండవు. వెదుర్లు లేకపోతే గాదె ఉండదు. గాదె లేకపోతే ఆషాఢంలో ఇంట్లో ఏమీ ఉండదు. ఇంత చిన్న సంగతి నాకు యాభై దాటాక తెలిసింది. నా చదువు మూడో తరగతి.

అడవి వెదురంతా కాగితం మిల్లు లారీలకు పోయేది. ఒక్కటి కొడితే గార్డు పట్టుకునేవాడు. ఇక నాకున్నది పెరటి పొద ఒక్కటే.

గాదెలు అల్లే దాలయ్యది పక్క ఊరు. వెళ్ళి అడిగాను.

"పన్నెండు ఎదుర్లు కావాల," అన్నాడు. "రెండు వానలు సూసినవి. పచ్చివి తెచ్చినావంటే పురుగు కొట్టేస్తాది. ఇదుగో, నా కళ్ళు మసకలొస్తన్నాయి. రెండేళ్ళలో తెస్తే అల్లుతాను. తర్వాత నా కొడుకున్నాడనుకోకు. ఆడికి సేట అల్లడమే రాదు."

అంటే ఈ పన్నెండే. వచ్చే ఏటి కొమ్ములు దాలయ్య కళ్ళకు అందవు.

ఇంటికొచ్చి మా ఆవిడ గున్నమ్మతో చెప్పాను.

"ఈటిని ముట్టుకోకు."

"మరి కూరేటి మావా?"

"బాద్రపదంలో మల్లీ మొలుస్తాయి గదే. అయ్యెలాగూ నిలవవు, కుళ్ళిపోతాయి. అయ్యెన్నైనా కోసుకో. రెండు నెల్లు ఆగలేవేటి?"

"బాద్రపదానికి ఆనపకాయలొస్తాయి, బీరకాయలొస్తాయి. అప్పుడీ కొమ్ములెవులిక్కావాల? కూర లేనిది ఇప్పుడు."

"గాదుంటే ఆసాడంలో కూడుంటాది."

"ఏ ఆసాడంలో?"

"మూడో ఏడు."

"మూడో ఏటి ఆకలి మూడో ఏడు సూసుకుందాం. ఈ పొద్దు ఆకలి నీకు సెప్పొచ్చిందేటి?"

నాకు మాటలు తక్కువ. కంప కొట్టి తెచ్చి పొద చుట్టూ వేశాను. తెల్లారి చూస్తే ఒక మూల కంప జరిగి ఉంది. కొమ్ములు పన్నెండూ ఉన్నాయి. ఒకదాని మీద గోటి గాటు ఉంది. లేతదా ముదురుదా అని గున్నమ్మ గిల్లి చూసింది.

ఆ వారమే తెరుబలి నుంచి మా అబ్బాయి మన్మథరావు ఉత్తరం రాశాడు. ఫ్యాక్టరీ వాళ్ళు క్వార్టరు ఇచ్చారు, మనవడు నేల మీద పడుకుంటున్నాడు, ఇంట్లో ఉన్న నులక మంచం తెచ్చిపెట్టమని. పశువులున్నాయి, నారుమడి ఉంది. ఇద్దరం కదలడానికి లేదు. నేనే బయల్దేరాను.

పోయేముందు ఊరంతా తిరిగి పగిలిన కుండలు పోగుచేశాను. అంచు పోయినవి, చిల్లి పడినవి, పాత కల్లు కుండలు. ఒక్కో కొమ్ము మీద ఒకటి బోర్లించి, మేకలు తన్నకుండా పైన బండరాయి పెట్టాను. కంటికి కనపడకపోతే కూర గుర్తుకు రాదని నా ఆలోచన.

గున్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏటి మావా, కొమ్ములకి గొడుగులా?"

"మేకలకి."

"ఏ మేక? రెండు కాళ్ళదా?"

"గున్నా. రెండు రోజుల్లో వొచ్చేస్తాను. ముట్టుకోకు."

రెండు రోజులు కుండ కింద ఉంటే కొమ్ముకేమీ కాదు. మూడో రోజు తీసెయ్యాలి. వెదురు మొదట్లో మెల్లగా లేస్తుంది, ఆ పైన రోజుకు జానెడు పెరుగుతుంది. ఇది నాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు.

మంచం బస్సు మీద కట్టి రాయగడ చేరాను. అక్కడ రైల్లో పెట్టడానికి పోర్టరుతో గొడవ పడి, తెరుబలి చేరేసరికి చీకటి పడింది. క్వార్టరు చిన్నదే. కరెంటు ఫ్యాను ఉంది. కుళాయి తిప్పితే నీళ్ళు. కోడలు పుణ్యవతి పొద్దునా సాయంత్రం టీ ఇచ్చేది.

రెండో రోజు చొక్కా వేసుకున్నాను.

"ఈ పొద్దు సేపలు తెచ్చేరు మావయ్యా," అంది పుణ్యవతి. "రేపెల్దురు."

ఉండిపోయాను.

మర్నాడు మన్మథరావు, "ఎల్లుండి జీతాలు నాన్నా. ఏట మాంసం తెస్తాను. ఇన్నాళ్ళకొచ్చేవు, ఏటా తొందర? ఊళ్ళో ఏటి మునిగిపోతంది?" అన్నాడు.

ఏమి మునిగిపోతోందో చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే వెళ్ళమంటాడు.

ఇంటి దగ్గర గంజి పలచబడిన రోజులవి. ఇక్కడ తెల్లన్నం, చేపల పులుసు, ఫ్యాను గాలి. పొద్దున్నే కుండలు గుర్తొచ్చేవి. రేపు పోతాను అనుకునేవాణ్ణి. టీ వచ్చేది. మధ్యాహ్నానికి కుండలు మరిచిపోయేవాణ్ణి. జీతాలు వచ్చాయి, మాంసం తిన్నాను. మిగిలిన మాంసం మర్నాడు తిన్నాను. అది అరిగాక ఇంకో రోజు ఉన్నాను, అది ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఎనిమిదో రోజున ఊరు చేరాను. కాళ్ళు కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళాను. కుండలు పన్నెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రాళ్ళు రాళ్ళలాగే ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

మొదటి కుండ లేవలేదు. కదిపాను, లాగాను. చివరికి రాయితో కొట్టాను.

కుండ విడిపోయింది. లోపల ఇంకో కుండ ఉంది. తెల్లగా, గుండ్రంగా. పైకి దారి లేక కొమ్ము తన చుట్టూ తానే తిరిగింది. తలపాగా చుట్టినట్టు చుట్టుకుని, కుండ అచ్చులో దిగిపోయింది. ఎండ తగలక వెన్నలా ఉంది. అది ఇక వెదురు కాదు, ఎప్పటికీ కాదు.

రెండోది కొట్టాను. మూడోది. పన్నెండూ కొట్టాను. పన్నెండూ అంతే.

వెనక గున్నమ్మ నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు. దగ్గరకొచ్చి వంగి గోటితో గిల్లి చూసింది.

"అబ్బ, ఎంత లేతగుందో."

"నువ్వెందుకు తీయనేదు కుండలు? ఒక్కటి తీసి సూస్తే తెలిసేది గదే!" అని అరిచాను.

నవ్వు ఆపింది.

"ముట్టుకోవొద్దన్నావు గదా. ముట్టుకోనేదు. ఎనిమిది రోజులు ఉప్పేసుకుని గంజి తాగినాను. పక్కింటి సింహాచలమ్మ రెండు కొమ్ములియ్యమంటే, మా మావ గాదె కట్టిస్తన్నాడు, ఇయ్యనని సెప్పినాను." కొంగు బొడ్లో దోపుకుని, "నువ్వు రెండు రోజులన్నావు," అంది.

నేను కుండ పెంకులు ఏరుతున్నాను.

"ఏటి పెట్టింది కోడలు?"

"ఏట మాంసం."

"మంచిదే," అంది. కత్తిపీట తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

సన్నగా తరిగి, రెండుసార్లు ఉడికించి నీళ్ళు వార్చి, ఆవ పెట్టి వండింది. సింహాచలమ్మకు ఒక గిన్నె పంపింది. దాలయ్యను నేనే పిలిచాను. ఎలాగూ చెప్పాలి గదా. అతను ఆకు నాకినంత పని చేశాడు.

"ఇంత లేత కొమ్ము నా పుట్టకలో తిననేదు. ఎలగ సేసినావు?"

"గాదె కట్టబోయి," అన్నాను.

"వొచ్చే ఏటి కొమ్ములు దాసుకో. కళ్ళుంటే అల్లుతాను." మారు వడ్డించమని గున్నమ్మకు ఆకు చూపించాడు.

మరుసటి ఏడు ఆషాఢానికి ఊళ్ళో పగిలిన కుండ దొరకలేదు. ప్రతి పొద కిందా కుండలు, కుండల మీద రాళ్ళు. మా పొద కిందా ఉన్నాయి. ఆ ఏడు నేను కంప వేయలేదు. ఆ పై ఏడు దాలయ్యకు చూపు పూర్తిగా పోయింది.

ఆ ఏడూ పుష్యమాసంలో షావుకారి బండి మా కళ్ళంలోకి వచ్చింది. బండివాడు లక్ష్మణుడు ఎడ్లను విప్పుతూ అడిగాడు.

"తాతా, కుండకొమ్ము కూర మీ ఇంట్లోనే పుట్టిందంట గదా? మా ఇంటిది సంపేస్తంది. ఎలగో సెప్పు."

బస్తా భుజానికి ఎత్తుకుని చెప్పాను.

"రాయి బరువుది పెట్టాల. ఎనిమిది రోజులు తియ్యకూడదు."

"ఎనిమిది రోజులే గదా," అన్నాడు. "ఆ మాత్రం ఆగలేమేటి?"

బస్తా బండిలో వేసి ఇంకోదానికి వెళ్ళాను.